కుంపటి లెక్క

క్లాంగ్ రేవులో ప్రధానమైన లెక్క ఓడలకు కాదు, పెట్టెలకు. ఇరవై అడుగుల కంటెయినరు ఒకటిగాను, నలభై అడుగులది రెండుగాను గణింపబడుతుంది. 2023లో ఈ రేవు ఆ కొలమానంలో 1 కోటి 40 లక్షల పైచిలుకు యూనిట్లను దాటించింది. రేవును ఆశ్రయించుకొని ఉన్న సరకు రవాణా కార్యాలయాలకు ఇది నిత్యపరిచితమైన విషయమే. అయితే అటువంటి కార్యాలయంలో ఒక మూల చల్లని గదిలో ఉండే సర్వరుకు కూడా ఇదే తరహా లెక్క ఒకటి ఉన్నదని పలువురు యజమానులు సాఫ్టువేరు బిల్లు చేతికి వచ్చిన తరువాత గాని గ్రహించరు.

పూర్వం సర్వరు సాఫ్టువేరును తరచు ప్రాసెసరుల సంఖ్యను బట్టి అమ్మేవారు. ఒక్కొక్క ప్రాసెసరులో గణన చేసే కేంద్రం, అనగా కోరు, ఒక్కటే ఉండేది గనుక చిక్కు లేకపోయింది. 2001లో ఐ.బి.ఎం. సంస్థ పవర్ 4 చిప్పులో రెండు కోర్లను ఇమిడ్చినది. 2005లో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు అదే మార్గం పట్టాయి. ఒకే కప్పు క్రింద అన్నదమ్ములు వేరుకుంపట్లు పెట్టుకున్నట్లన్నమాట. వెలుపలికి ఇల్లు ఒక్కటే. లోపల వంటలు రెండు, నాలుగు, పదహారు. 2024లో వెలువడిన ఏ.ఎం.డి. ప్రాసెసరు ఒకదానిలో కోర్లు 192! ఇంటికింత అని పన్ను వసూలు చేసేవాడు ఇది చూచి ఎంతకాలం ఊరకుంటాడు? మైక్రోసాఫ్ట్ సంస్థ 2012 నాటి ఎస్.క్యు.ఎల్. సర్వరుతో, ఆపైన 2016 నాటి విండోస్ సర్వరుతో కుంపటి లెక్కకు మారింది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతిలోకి వెళ్ళిన వి.ఎం.వేర్ కూడా అదే దారి పట్టింది.

విండోస్ సర్వరు నియమం ఇది: యంత్రంలో ఉన్న ప్రతి భౌతికమైన కోరుకూ లైసెన్సు ఉండవలెను, వాడుకున్నవాటికే చెల్లిస్తామంటే కుదరదు. ప్రాసెసరుకు కనీసం 8, సర్వరుకు కనీసం 16 కొనవలసిందే. ఒకే కోరు రెండు పనులను కలిపి నడిపే సదుపాయం కొన్నింటిలో ఉన్నది. అది ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు మార్చి మార్చి పెట్టడం వంటిది; ఈ భౌతికమైన లెక్కలో అది రెండుగా చేరదు.

క్లాంగ్‌లో ఒక చిన్న కార్యాలయం సర్వరు కొనబోతున్నదని అనుకొందాము. 16 కోర్ల ప్రాసెసరు ఒక్కటి గల యంత్రానికి 16 లైసెన్సులు చాలును. "భవిష్యత్తుకు పనికివస్తుంది" అని అమ్మకందారు 24 కోర్ల ప్రాసెసరులు రెండు గల యంత్రాన్ని అంటగడితే 48 కావలెను. స్టాండర్డ్ తరగతి లైసెన్సు ఆ యంత్రంలో రెండు వర్చువల్ యంత్రాలకు మాత్రమే అనుమతినిస్తుంది. నాలుగు కావలెనన్నచో కోర్లన్నిటికీ మరల ఒక దఫా కొనవలెను: మొదటి యంత్రానికి 32, రెండవదానికి 96. యంత్రం ధరలోని తేడాను బేరమాడి తగ్గించుకోవచ్చును గాని, ఈ తేడా అంత సులభంగా తగ్గేది కాదు. ఉద్యోగులకు వేరుగా కొనవలసిన ప్రవేశ లైసెన్సులు దీనిలో చేరలేదు.

సంస్థకొక కొలత ఉండడం మరొక చిక్కు. 8 కోర్ల ప్రాసెసరులు రెండున్న యంత్రానికి విండోస్ 16 చాలునంటుంది. ప్రాసెసరుకు కనీసం 16 అనే వి.ఎం.వేర్ నిబంధన వర్తించినచోట అదే యంత్రానికి 32 కావలెను. ఒరాకిల్ డేటాబేసు ఎంటర్‌ప్రైజ్ తరగతిలో ఇంటెల్ కోరును అరగానూ, ఐ.బి.ఎం. పవర్ కోరును ఒకటిగానూ గణిస్తారు. రసాయనశాస్త్రంలోని తుల్యభారాలు గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు. తుల్యభారాలను నిర్ణయించినది ప్రకృతి; వీటిని నిర్ణయించినది అమ్మేవాడు.

తక్కువపడిన లైసెన్సులను చిన్న విషయంగా త్రోసివేయరాదు. మలేసియా 1987 నాటి కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్యకృతులుగా పరిగణించి రక్షణ కల్పిస్తున్నది.

కాగా యంత్రం కొనకముందే కోర్ల సంఖ్యను, వర్చువల్ యంత్రాల సంఖ్యను ఒక కాగితం మీద వేసి చూచుకొనుట మేలు. చిన్న కార్యాలయాల లెక్కల పనికి ఎక్కువ కోర్ల కంటె తక్కువ సంఖ్యలో వేగమైన కోర్లే తరచు అక్కరకు వస్తాయి. పెద్ద యంత్రం ఇప్పటికే కొన్నవారికి ఒక దారి ఉన్నది: 2022 అక్టోబరు నుండి, చందా పద్ధతిలో గాని సాఫ్టువేర్ అష్యూరెన్సుతో గాని విండోస్ సర్వరు లైసెన్సు తీసుకొన్నవారు యంత్రమంతటికీ కాక వర్చువల్ యంత్రానికి ఇచ్చిన కోర్లకే, కనీస సంఖ్యలకు లోబడి, చెల్లించవచ్చును.