పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు

పోస్టర్‌ మీద వాళ్ల బొమ్మ చిన్నదే. స్కోరుబోర్డు మీద అంకెలూ చిన్నవే. కానీ వాళ్లు లేకపోతే ఆ సినిమా అంతలా పండేది కాదు, ఆ మ్యాచ్‌ అంత తీపిగా మిగిలేది కాదు. 2022 డిసెంబరు నుంచి 2025 మార్చి దాకా... రెండేళ్ల పైచిలుకు కాలంలో మనల్ని విడిచి వెళ్లిన అలాంటి అయిదుగురి కథ ఇది.

1977 జనవరి 14. సంక్రాంతి పండగ. ఆ రోజు తెలుగునాట రెండు భారీ పౌరాణికాలు పోటీపడి విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్‌ 'దాన వీర శూర కర్ణ'. రెండోది కృష్ణ 'కురుక్షేత్రం'. రెండూ మహాభారత కథలే. అభిమానులు రెండు జట్లుగా చీలిపోయి మాదంటే మాదే గొప్పని వాదించుకున్నారు. ఆ రెండు సినిమాల్లోనూ ఓ నటుడున్నారు. మొదటి దాంట్లో భీముడు, రెండో దాంట్లో దుర్యోధనుడు! ఒక హాల్లో పాండవుల పక్షం, మరో హాల్లో కౌరవుల పక్షం. ఎటు నిలబడ్డా ప్రేక్షకులు అవునన్నారు. ఆయనే కైకాల సత్యనారాయణ.

హీరోల గురించి అందరూ రాస్తారు. వాళ్లు పోయినప్పుడు ఊరూరా ఫ్లెక్సీలు వెలుస్తాయి, టీవీల్లో రోజంతా పాత సినిమాలు వస్తాయి. మరి హీరోను హీరోగా నిలబెట్టిన పక్కవాళ్ల మాటేమిటి? వాళ్ల విలువ తెలియాలంటే ఒకటే దారి. ఆ సన్నివేశంలోంచి వాళ్లను తీసేసి చూడటం!

హీరోలు మారారు... యముడు మారలేదు

కృష్ణా జిల్లా కవుతరంలో 1935లో పుట్టిన సత్యనారాయణ కూడా హీరో అవుదామనే మద్రాసు రైలెక్కారు. 1959లో 'సిపాయి కూతురు'తో ఆ కోరిక తీరింది కూడా. కానీ సినిమా ఆడలేదు. రూపంలో ఎన్టీఆర్‌ పోలికలు ఉండటంతో కొన్ని చిత్రాల్లో ఆయనకు డూప్‌గా నటించారు. మరొకరైతే మనసు విరిగి ఇంటికి తిరిగి వెళ్లిపోయేవారే. ఆయన వెళ్లలేదు. జానపద చిత్రాల దర్శకుడు విఠలాచార్య ఆయనలో ప్రతినాయకుణ్ని చూశారు. 1960లో 'కనకదుర్గ పూజా మహిమ'తో కొత్త దారి తెరుచుకుంది.

ఇక అక్కణ్నుంచి ఆయన చేయని పాత్ర లేదు. రౌడీ, జమీందారు, పోలీసు, తాగుబోతు, తండ్రి, తాత... 750కి పైగా సినిమాలు. తెర మీద కనిపిస్తేనే ఆడవాళ్లు తిట్టుకునే ఆ విలన్‌ని 1973లో దర్శకుడు కె.విశ్వనాథ్‌ 'శారద'లో చెల్లెలి కోసం తపించే అన్నయ్యగా చూపించారు. తిట్టినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు.

ఇక యమధర్మరాజు సంగతి సరేసరి. 1977లో 'యమగోల'లో ఎన్టీఆర్‌ యముణ్ని ముప్పుతిప్పలు పెట్టారు. 1988లో 'యముడికి మొగుడు'లో చిరంజీవి వంతు. 1994లో 'యమలీల'లో అలీ. హీరోల తరాలు మారాయి కానీ యముడు మాత్రం ఆయనే! ఆ గద్దింపు, ఆ గాంభీర్యం, మరుక్షణంలోనే బిక్కమొహం... యముడు అంత గట్టిగా నిలబడ్డాడు కాబట్టే అతణ్ని ఆటపట్టించిన హీరో జనానికి అంతగా నచ్చాడు.

1996లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2011 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు అందుకున్నారు. పద్మ పురస్కారం మాత్రం ఆయన గడప తొక్కలేదు. 2022 సెప్టెంబరు 11న కృష్ణంరాజు, నవంబరు 15న కృష్ణ, డిసెంబరు 23న సత్యనారాయణ వెళ్లిపోయారు. 'కురుక్షేత్రం'లోని కర్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు... మూడున్నర నెలలైనా తిరక్కుండానే!

ఒక్క అంగుళం తక్కువైనా...

'ఈయన ఇంకొక్క అంగుళం పొడుగుంటే సూపర్‌స్టారే' అని చంద్రమోహన్‌ గురించి సినిమావాళ్లు చెప్పుకునేవారు. ఆ లోటు గురించి ఆయన బెంగ పెట్టుకున్నట్టు తెర మీద ఎక్కడా కనిపించదు.

కృష్ణా జిల్లా పమిడిముక్కల ఆయన సొంతూరు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివారు. బి.ఎన్‌.రెడ్డి 1966లో తీసిన 'రంగుల రాట్నం'తో సినిమాల్లోకి వచ్చారు. తర్వాతి పదేళ్లలో ఆయనకు పరిశ్రమలో ఓ పేరు స్థిరపడిపోయింది. 'కొత్త హీరోయిన్‌ని పరిచయం చేస్తున్నారా? అయితే పక్కన చంద్రమోహన్‌ని పెట్టండి' అన్నంతగా! 'సిరిసిరిమువ్వ' (1976)లో జయప్రద మూగ నర్తకి. ఆమె అడుగుకు తాళం వేసే సాంబయ్య చంద్రమోహన్‌. 'పదహారేళ్ల వయసు' (1978)లో శ్రీదేవి పల్లెటూరి పిల్ల. ఆమెను కంటికి రెప్పలా కాచుకునే అమాయకుడు చంద్రమోహన్‌. ఇద్దరు తారలూ ఆ తర్వాత హిందీ సీమకు వెళ్లి దేశమంతా ఏలారు. ఆయన ఇక్కడే ఉండిపోయారు. చిరంజీవి తొలిసారి తెర మీద కనిపించిన 'ప్రాణం ఖరీదు' (1978)లోనూ ఆయన ఉన్నారు.

ఎదుటివాళ్లు బాగా కనిపించేలా నటించడం చిన్న విద్య కాదు. తాను ఎక్కడ తగ్గాలో తెలిసినవాడికే అది సాధ్యం. 'సిరిసిరిమువ్వ'లో సాంబయ్య ప్రేమను మాటల్లో చెప్పడు. చూపులో దాచుకుంటాడు. అందుకే మన కళ్లు ఆ మూగపిల్ల మీద నిలిచిపోతాయి.

వయసు పైబడ్డాక తండ్రి పాత్రలకు మారారు. 2004లో వచ్చిన '7జి బృందావన్‌ కాలనీ'లో కొడుకును పగలంతా తిట్టిపోసే మధ్యతరగతి తండ్రి ఆయనే. అదే కొడుక్కి ఉద్యోగం వస్తే ఎదురుగా ఒక్క మాటా మెచ్చుకోడు. రాత్రి భార్య దగ్గర మాత్రం గుండె విప్పుతాడు. ఆ సన్నివేశం చూసి తమ నాన్నను తలుచుకున్న కుర్రాళ్లు ఎంతమందో! దాదాపు 900 సినిమాల ప్రయాణం 2023 నవంబరు 11న హైదరాబాద్‌లో ముగిసింది.

పిల్లాడి గొంతు... ఆమెది!

విశ్వనాథ్‌ సినిమాల్లో నటులే కాదు, తెర వెనుక గొంతులూ పాత్రలే. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. సరిగ్గా అదే తేదీన, 2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్‌ కన్నుమూశారు. తెలుగువాళ్లు ఆ దుఃఖంలో ఉండగానే రెండు రోజులకు చెన్నై నుంచి మరో కబురు... వాణీ జయరాం ఇక లేరని.

1945లో వేలూరులో పుట్టిన ఆమె అసలు పేరు కలైవాణి. గాయని కాకముందు స్టేట్‌ బ్యాంకు ఉద్యోగిని. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాద్‌లోనూ పనిచేశారు. పెళ్లయ్యాక బొంబాయి వెళ్లారు. కర్ణాటక సంగీతం చిన్నప్పుడే ఒంటబట్టింది. బొంబాయిలో ఉస్తాద్‌ అబ్దుల్‌ రెహమాన్‌ ఖాన్‌ దగ్గర హిందుస్థానీ కూడా నేర్చుకున్నారు. 1971లో హిందీ 'గుడ్డీ' పాటలతో ఒక్కసారిగా దేశానికి తెలిశారు.

దక్షిణాదిలో అప్పటికే సుశీల, జానకి రెండు శిఖరాలు. వాళ్ల తర్వాతే ఎవరైనా. ఆ చోట ఆమె తన దారి తాను వేసుకున్నారు. కష్టమైన రాగమా, మెలికలు తిరిగే స్వరమా? అయితే వాణీ జయరాంను పిలవండి అన్నట్టుగా ఉండేది. ఆమెకు ఉత్తమ గాయనిగా మూడుసార్లు జాతీయ పురస్కారం వస్తే అందులో రెండు తెలుగు పాటలకే. రెండూ విశ్వనాథ్‌ చిత్రాలే, రెంటికీ కె.వి.మహదేవన్‌ సంగీతమే... 'శంకరాభరణం', 'స్వాతికిరణం'.

ఇక్కడో విశేషం ఉంది. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి పక్కన కూర్చుని పాడే శిష్యుడి గొంతు ఆమెదే. ఆ బాలుడి వేషం కట్టింది చిన్నారి తులసి. 'స్వాతికిరణం'లో గురువుకే అసూయ పుట్టించే గంగాధరం మాస్టర్‌ మంజునాథ్‌ అయితే, అతని గొంతు వాణీ జయరాం. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లు దాటాయి! పదేళ్ల పిల్లాడి అమాయకత్వం, పుట్టుకతో వచ్చిన విద్వత్తు... రెండూ ఒకే గొంతులో వినిపించాలి. ఆ గొంతు అంత స్వచ్ఛంగా లేకపోతే, గురువు అసూయపడ్డాడంటే ఎవరు నమ్ముతారు? కథ మొత్తం ఆమె స్వరం మీద నిలబడింది.

2023 జనవరి 25న కేంద్రం ఆమెకు పద్మభూషణ్‌ ప్రకటించింది. ఫిబ్రవరి 4న ఆమె కన్నుమూశారు. పది రోజులు... అంతే. పురస్కారం వచ్చింది, అందుకోవడానికి ఆమె లేరు.

ముగ్గురిలో మూడోవాడు

సినిమా పాట నుంచి మైదానానికి వెళ్లినా ఇదే కథ. అరవై ఏళ్ల క్రితం భారత ఫుట్‌బాల్‌ అంటే మూడు పేర్లు... పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్‌ బలరాం. వారిలో బలరాం మన సికింద్రాబాద్‌ కుర్రాడు. అమ్ముగూడలో ఓ పేద తమిళ కుటుంబంలో పుట్టి, బూట్లు కొనుక్కునే స్థోమత కూడా లేని రోజుల్లోనే ఆటలో మెరిశాడు. ఆ మెరుపును పసిగట్టింది మరో హైదరాబాదీ... భారత జట్టు కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీం.

1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో భారత్‌ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం ఉన్నారు. 1960 రోమ్‌ ఒలింపిక్స్‌లో మన జట్టు చేసిన గోల్స్‌ మూడు. అందులో రెండు ఆయనవే! ఒకటి హంగరీ మీద, ఒకటి పెరూ మీద. ఆ హంగరీ చివరికి కాంస్యం గెలిచింది. మనవాళ్లు దాన్ని 2-1 దాకా నిలువరించారు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్‌ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌ గడప తొక్కలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆయన కీలకం. థాయ్‌లాండ్‌, జపాన్‌ల మీద గోల్స్‌ కొట్టారు.

కలకత్తా ఈస్ట్‌ బెంగాల్‌ క్లబ్బుకు 1961లో కెప్టెన్‌. ఆట పతాకస్థాయిలో ఉండగా ఊపిరితిత్తుల జబ్బు మీద పడింది. ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పేయాల్సి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ దక్కింది. బలరాంకు దక్కలేదు. 2020లో నెలన్నర తేడాతో పి.కె., చునీ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం. మరుసటి ఏడాది రహీం జీవితంపై 'మైదాన్‌' సినిమా వచ్చింది. ఆ బంగారు జట్టు గురించి కొత్త తరానికి తెలిసేటప్పటికి చూడటానికి ఆయన లేరు.

ఒకే ఒక్క ఫోరు

1971 ఆగస్టు 24. లండన్‌ ఓవల్‌ మైదానం. ఇంగ్లండ్‌ గడ్డ మీద భారత్‌ అప్పటిదాకా ఒక్క టెస్టూ గెలవలేదు. లక్ష్యం 173. స్కోరు 170 దగ్గర గుండప్ప విశ్వనాథ్‌ ఔటయ్యారు. ఆరు వికెట్లు పడ్డాయి. గెలుపు గుమ్మంలో నిలిచిన ఆ క్షణాన బ్యాటు పట్టుకుని వచ్చినవారు సయ్యద్‌ అబిద్‌ అలీ. లక్‌హర్స్ట్‌ బంతిని కట్‌ చేశారు. ఫోర్‌! జనం మైదానంలోకి దూసుకొచ్చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన స్కోరు 4 నాటౌట్‌. చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆరు వికెట్లు తీసిన చంద్రశేఖర్‌దే ఆ మ్యాచ్‌. న్యాయమే మరి.

అంతకు అయిదు నెలల ముందు, మార్చిలో పోర్ట్‌ ఆఫ్‌ స్పెయిన్‌లో వెస్టిండీస్‌ మీద మన తొలి టెస్టు విజయం. అది గావస్కర్‌ అరంగేట్రం చేసిన మ్యాచ్‌గా అందరికీ గుర్తు. గెలిచినప్పుడు రెండో ఎండ్‌లో ఎవరున్నారో తెలుసా? 21 పరుగులతో అబిద్‌ అలీ! రెండు చారిత్రక విజయాల వేళా క్రీజులో ఉన్నది ఆయనే.

హైదరాబాద్‌లో 1941లో పుట్టారు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తొలి టెస్టు. తొలి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు 6 వికెట్లు. అయినా ఆ తర్వాత ఆయనకు దక్కిన పని కొత్త బంతి మెరుపు పోగొట్టడం. ఎందుకంటే అది స్పిన్నర్ల కాలం. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్‌, వెంకట్రాఘవన్‌ల చేతికి బంతి వెళ్లేలోపు నాలుగు ఓవర్లు వేయాలి. ఆ తర్వాత బ్యాట్స్‌మన్‌కు కూతవేటు దూరంలో నిలబడి వాళ్ల బౌలింగ్‌లో క్యాచ్‌లు పట్టాలి. హెల్మెట్లు లేని రోజుల్లో! ఓపెనర్‌గా వెళ్లమంటే వెళ్లారు, చివర్లో దిగమంటే దిగారు. 29 టెస్టుల్లో 1018 పరుగులు, 47 వికెట్లు. 1975 తొలి ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌ మీద జట్టులో అత్యధిక స్కోరు 70 ఆయనదే.

తర్వాత కాలిఫోర్నియాలో స్థిరపడినా ఆటను వదల్లేదు. ఆంధ్ర రంజీ జట్టుకు శిక్షణ ఇచ్చారు. మాల్దీవులు, యూఏఈ జట్లకూ కోచ్‌గా పనిచేశారు. 2025 మార్చి 12న 83 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు ఒక్కొక్కరినీ తీసేసి చూడండి. యముడు లేని 'యమగోల', సాంబయ్య లేని 'సిరిసిరిమువ్వ', ఆ గొంతు లేని 'స్వాతికిరణం'... ఊహకందవు. బలరాం లేని రోమ్‌లో మనకు మిగిలేది ఒక్క గోలే.

చనిపోయాక పూలదండ వేయడం తేలిక. బతికుండగా ఓ మాట చెప్పడమే మరిచిపోతాం. వాణీ జయరాం విషయంలో గౌరవం పది రోజులు ముందొచ్చినా ఆలస్యమే అయింది. బలరాం, సత్యనారాయణల విషయంలో అసలు రాలేదు. అలాంటి పెద్దలు మన మధ్య ఇంకా ఎందరో ఉన్నారు... సినిమాలో, నాటకంలో, ఆటలో. ప్రభుత్వాలు చేయాల్సింది ప్రభుత్వాలు చేయాలి. ఇళ్లల్లో చేయగలిగిందీ ఒకటుంది. ఈసారి టీవీలో 'స్వాతికిరణం' వస్తే, పాడుతున్న ఆ పిల్లాడి గొంతు ఎవరిదో మీ పిల్లలకు చెప్పండి. హీరోల పేర్లు వాళ్లకు ఎలాగూ తెలుస్తాయి. ఈ పేర్లు మాత్రం మనం చెబితేనే తెలిసేది.