సగం కుర్చీలు వచ్చాయి, సగం పెత్తనం ఏదీ? - పాతబస్తీ చెప్పే పాఠం

పల్లెల్లో కూలి రేట్ల గురించీ, బంజరు భూముల గురించీ రాసే ఈ శీర్షికలో హైదరాబాద్ పాతబస్తీ మాటెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. కారణముంది. నాట్లూ కోతలూ లేని రోజుల్లో పాలమూరు నుంచీ, నల్లగొండ నుంచీ మూటాముల్లె సర్దుకుని పట్నం చేరేది మన కూలోళ్లే. తెల్లవారకముందే లేచి కార్పొరేషన్ రోడ్లూడ్చే ఆడవాళ్లలో ఎంతోమంది నిన్నటిదాకా మనతో కలుపు తీసినవాళ్లే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఊళ్లో ఆడ సర్పంచికి ఎదురయ్యే చిక్కే చార్మినార్ పక్క గల్లీలో ఆడ కార్పొరేటరుకూ ఎదురవుతోంది. రోగం ఒకటే అయినప్పుడు మందు కూడా కలిసే వెతుక్కోవాలి.

లెక్క సరిపోయింది

ముందు లెక్కలు చూద్దాం. పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్లకివ్వాలని 1992లో రాజ్యాంగాన్ని సవరించారు. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికలు జరిగితే మళ్లీ జరిగింది 2002లో! అంటే హక్కు రాజ్యాంగంలోకి ఎక్కిన పదేళ్లకు గాని నగరంలో ఆడవాళ్ల చేతికి రాలేదన్నమాట. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ కార్పొరేషన్ చేశారు. 2016 ఎన్నికల నుంచి సగం వార్డులు ఆడవాళ్లవయ్యాయి. 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 వార్డులకు 75 వాళ్లకే కేటాయించారు. 2021 ఫిబ్రవరిలో మేయరుగా గద్వాల విజయలక్ష్మి, డిప్యూటీ మేయరుగా మోతె శ్రీలత ఎన్నికయ్యారు. అట్లా అప్పుడు పై కుర్చీలు రెండూ ఆడవాళ్లకే దక్కాయి.

ఇది చిన్న విషయమని మేమనడం లేదు. ఎన్నో ఏళ్ల పోరాటాల ఫలం ఇది. కాని ఆడమనిషి మేయరు కావడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1962లోనే వనపర్తి సంస్థానం ఇంటి రాణీ కుముదినీదేవి మేయరయ్యారు. కుష్ఠురోగులకు ఆమె చేసిన సేవ మరువరానిది. అయితే సంస్థానం ఇంటి కోడలు మేయరు కావడం వేరు. గాజులకు రాళ్లు అంటించే ఇల్లాలు బస్తీ సభలో లేచి నిలబడి, "మా గల్లీకి మంజూరైన డబ్బెంత, ఖర్చెంత?" అని అడగగలగడం వేరు. మనకు కావలసింది రెండోది.

కుర్చీ వచ్చేసరికి కుండ కదిలిపోయింది

పాతబస్తీ ఆడవాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో చూడండి. ఇంటిపనంతా అయ్యాక లక్కగాజులకు రాళ్లు పొదగడం, జరీ కుట్టడం, అగరుబత్తీలు చుట్టడం. ఇదంతా ఇంట్లో కూర్చుని చేసే ముక్కపని. రేటు కట్టేది మధ్యవర్తి. హాజరు పట్టీ ఉండదు, సెలవుండదు, కనీస వేతనం అన్న మాటే ఉండదు. లాడ్‌బజార్ లక్కగాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరికింది. మంచిదే. గాజుకు గుర్తింపు వచ్చింది గాని, గాజు చేసే చేతికి ఇంకా రాలేదు.

ఇక నీళ్లు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే గల్లీల్లో ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని బిందెలు వరస పెట్టేది ఆడవాళ్లే. ఆ వేళకు చేతిలో పని ఆపాలి. పని ఆగితే ముక్క కూలి పోతుంది. మరి ఆడ కార్పొరేటరు దగ్గరకెళ్లి నీళ్లడిగితే? నీళ్లు కార్పొరేషన్ చేతిలో లేవు. 1989లోనే జలమండలి అని వేరే బోర్డు పెట్టి దానికప్పగించారు. అంగన్‌వాడీ వేరే శాఖది, బడి వేరే శాఖది, రేషను వేరే శాఖది. కార్పొరేటరుకు మిగిలినవి చెత్త, వీధిదీపాలు, సందుల్లో సిమెంటు రోడ్లు వగైరా. ఆడవాళ్లకు రోజూ అవసరమైనవన్నీ సభ గడప బయటే ఉన్నాయి. వాళ్లు కుర్చీ దాకా వచ్చేసరికి కుండ ఇంకో ఇంటికి వెళ్లిపోయింది.

పెత్తనం సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరు ఆమెది, సంతకం ఆమెది, మాట ఆయనది. ఫ్లెక్సీ మీద ఆమె పక్కన ఆయన బొమ్మ ఇంకాస్త పెద్దది. అధికారి ఫోను చేసేది ఆయనకే. దీనికి పల్లె, పట్నం తేడా లేదు. హిందూ ఇల్లు, ముస్లిం ఇల్లు అన్న తేడా అంతకంటే లేదు. బురఖా వేసుకునే ఆడవాళ్లు పాలనేం చేస్తారని ఎకసెక్కాలాడే పెద్దమనుషులు ముందు తమ ఊళ్లో సర్పంచి సంతకం ఎవరింట్లో జరుగుతున్నదో చూసుకోవాలి.

ఫాతిమాబీ ఒంటరిగా గెలవలేదు

ఈ ఎకసెక్కాలకు జవాబు కర్నూలు జిల్లాలోనే ఉంది. ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామానికి 1995లో ఫాతిమాబీ సర్పంచి అయింది. అక్షరం ముక్క రాని ముస్లిం ఇల్లాలు. తొలి రోజుల్లో అక్కడా భర్తదే పెత్తనం. ఆ మండలంలో అప్పటికే ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టుకుంటున్నారు. సంఘంలో కూర్చున్నాక ఆమెకు నోరు వచ్చింది, వెనక మనుషులు వచ్చారు. ఊరి పనులు సంఘమూ పంచాయతీ కలిసి చేయించుకున్నాయి. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరికంపై పోరుకిచ్చే బహుమతి ఆమెను వరించింది. న్యూయార్కులో కోఫీ అన్నన్ చేతుల మీదుగా అందుకుంది. బహుమతి కంటే మనం పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఆమెను సర్పంచిని చేసింది రిజర్వేషను. ఆమె చేత సర్పంచి పని చేయించింది సంఘం.

పాతబస్తీకీ ఇలాంటి అనుభవం లేకపోలేదు. 1967లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీల్లో బాల్వాడీలు, మహిళా మండళ్లు, కుట్టు శిక్షణ కేంద్రాలు నడిపారు. 1970లలో యూనిసెఫ్ సాయం కూడా తోడైంది. ఏ పని ముందు కావాలో బస్తీవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి, తమ వంతు తామూ వేసుకోవాలి అన్నది దాని పద్ధతి. ఇల్లు దాటని ఆడవాళ్లు బాల్వాడీ పేరు మీద పదిమందితో కూర్చోవడం అక్కడ నేర్చారు. దాని లోటు కూడా చెప్పుకోవాలి. కుట్టు మిషను నేర్పడం దగ్గర పథకం ఆగింది గాని, కుట్టిన బట్టకు రేటు కట్టేదెవరన్న ప్రశ్న దాకా పోలేదు. పథకం సర్కారుది, ప్రశ్న మనది. ఆ ప్రశ్న సంఘమే అడగాలి.

ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో మొదలుపెట్టిన షాహీన్ సంస్థ అట్లా అడిగే పని ఎత్తుకుంది. ముస్లిం, దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలను ఒకచోట కూర్చోబెట్టి ఇంట్లో కొట్టుళ్ల మీద, డబ్బుకు జరిగే ఒప్పందపు పెళ్లిళ్ల మీద మాట్లాడిస్తోంది. ఇంట్లో దెబ్బలు తిని నోరు మూసుకునే మనిషి వార్డు సభలో నోరు విప్పుతుందా? ఇంటి న్యాయం, వార్డు న్యాయం వేరు కావు.

చట్టంలో ఉన్నది బస్తీలోకి దించాలి

2020 అక్టోబరులో జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించారు. ఆడవాళ్లకు సగం స్థానాలన్నది చట్టంలోకే ఎక్కించారు. ప్రతి వార్డుకూ యువజనులు, మహిళలు, వయసు మళ్లినవాళ్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలుండాలనీ, ఒక్కోదాంట్లో పాతికమంది ఉండాలనీ, అందులో సగం ఆడవాళ్లు కావాలనీ రాశారు. అంటే వార్డుకు వందమంది! ఆ వందమందిలో గాజులు చేసే మనిషి ఉన్నదా, రోడ్లూడ్చే మనిషి ఉన్నదా? లేక పార్టీ నాయకుల ఇంటి ఆడవాళ్ల పేర్లే రాసుకున్నారా? ఇది అడగవలసిన మొదటి ప్రశ్న.

మనకూ ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సగం స్థానాలు ఆడవాళ్లవి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. 2025 డిసెంబరు ఎన్నికల్లో వేలాదిమంది అక్కచెల్లెళ్లు గెలిచారు. వాళ్లలో మన కూలి ఇళ్లవాళ్లున్నారు. వాళ్లను ఒంటరిగా వదిలేస్తే పెత్తందారు కమ్ముకుంటాడు, లేదా ఇంట్లోవాడే పెత్తందారవుతాడు.

కాబట్టి కార్యకర్తలు మూడు పనులు పెట్టుకోవాలి. ఒకటి, సభకు ముందురోజు ఆడకూలీలు విడిగా కూర్చుని నీళ్లు, మరుగుదొడ్డి, పిల్లల బడి, కూలి రేటు వరసగా రాసుకోవాలి. రెండు, గెలిచిన ఆమె తరఫున భర్త మాట్లాడబోతే, "అన్నా, నువ్వు కూచో, మా సర్పంచమ్మను మాట్లాడనియ్యి" అని మర్యాదగానే, గట్టిగానే చెప్పాలి. ఈ మాట మన సంఘంలోని మగవాళ్లకూ వర్తిస్తుంది. మూడు, సభ తీర్మానాల పుస్తకం చూపించమని అడగాలి. చదువొచ్చిన పిల్ల చేత పదిమందిలో చదివించాలి. చెప్పింది ఒకటి, రాసింది ఒకటి అయితే అక్కడే పట్టుకోవాలి.

మీ ఊళ్లో వచ్చే గ్రామసభ ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి. కనీసం పదిమంది ఆడవాళ్లు కలిసి వెళ్లండి. వెనక గోడ పక్కన నిలబడకండి, ముందు వరసలో కూర్చోండి.