కౌలాలంపూర్‌లో చవక రూము మాకు ఎంత పడిందంటే...

మేం షార్జాలో ఉంటాం. అమ్మానాన్నలది రాజమండ్రి. మావారికి సెలవు తక్కువ, నాన్నకేమో "విమానం ఒక్కసారైనా ఎక్కాలి" అని కోరిక. అందుకని పోయిన డిసెంబర్‌లో అందరం కౌలాలంపూర్‌లో కలుద్దాం అనుకున్నాం. వైజాగ్ నుంచి నేరుగా విమానం దొరికింది. 2023 డిసెంబర్ 1 నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేకుండా చేశారు, దాన్ని 2026 చివరి వరకు పొడిగించారు కూడా. అమ్మకి బటూ కేవ్స్ మురుగన్‌ని చూడాలని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

టికెట్లు, రూములు అన్నీ నేనే బుక్ చేశాను. బీఎస్సీ చదివినదాన్ని, లెక్కలు బాగానే వేస్తాననే నమ్మకం. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెబితే మీలో ఒక్కరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎయిర్‌పోర్టు ఒకటే, టెర్మినళ్ళు రెండు

మొదటి తప్పు దిగగానే తెలిసింది. అమ్మావాళ్ళ విమానం తెల్లవారుజామున దిగుతుంది, మాది మూడు గంటల తర్వాత. "బయటికి రాగానే ఎదురుగా కుర్చీల్లో కూర్చోండి, మేం వచ్చేస్తాం" అని ఫోన్లో చెప్పాను. మేం బయటికొచ్చి చూస్తే వాళ్ళు లేరు. నాన్న ఫోన్‌లో రోమింగ్ లేదు. పావుగంట పాటు నా కాళ్ళు చేతులు ఆడలేదు.

విషయం ఏమిటంటే, కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్ 1, టెర్మినల్ 2 అని రెండు వేరువేరు భవనాలు. నడిచి వెళ్ళే దూరం కాదు. ఎయిర్ ఏషియా విమానాలు టెర్మినల్ 2లో దిగుతాయి, గల్ఫ్ నుంచి వచ్చే పెద్ద విమానాలు చాలావరకు టెర్మినల్ 1లో. రెండింటి మధ్య రైల్లో మూడు నిమిషాలు, టికెట్ 2 రింగిట్లు. ఉచిత బస్సు కూడా ఉంది. మేం వెళ్ళేసరికి అమ్మానాన్న చెప్పిన చోటే, చెప్పినట్టే కూర్చుని ఉన్నారు. తప్పు వాళ్ళది కాదు, నాది.

కాబట్టి టికెట్ మీద టెర్మినల్ నంబర్ చూసి, కలుసుకునే చోటు కాగితం మీద రాసి ఇవ్వండి. టైము కూడా చూసుకోండి. మలేషియా మన ఇండియా కంటే రెండున్నర గంటలు, దుబాయ్ కంటే నాలుగు గంటలు ముందుంటుంది.

ఊళ్ళోకి వెళ్ళడం: మనుషుల్ని లెక్కపెట్టి బండి ఎంచుకోవాలి

ఎయిర్‌పోర్టు ఊళ్ళో లేదు, సెపాంగ్ అనే చోట ఉంది. ఊరికి సుమారు 55 కిలోమీటర్లు. వెళ్ళడానికి మూడు దారులు. (మేం వెళ్ళినప్పుడు రింగిట్ అంటే దిర్హామ్ కంటే కొంచెం తక్కువ, మన రూపాయల్లో సుమారు 20.)

రైలు: కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ అంటారు. టెర్మినల్ 1 నుంచి కేఎల్ సెంట్రల్ అనే పెద్ద స్టేషన్‌కి 28 నిమిషాలు, టెర్మినల్ 2 నుంచి 33. పెద్దవాళ్ళకి 55 రింగిట్లు, పిల్లలకి 25. అర్ధరాత్రి దాటాక కాసేపటికి ఆగిపోతుంది, మళ్ళీ తెల్లవారి 5 ప్రాంతంలో మొదలు.

బస్సు: అదే కేఎల్ సెంట్రల్‌కి మనిషికి 15 రింగిట్ల లోపే. గంట పడుతుంది, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. సామాను కింద డిక్కీలో పెడతారు.

గ్రాబ్: మన ఓలా, ఊబర్ లాంటి యాప్. మేం చూసినప్పుడు మామూలు కారు 75 దగ్గర, ఆరుగురు పట్టే పెద్ద బండి 110 దగ్గర చూపించింది. టోల్ అదనం.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కరే అయితే బస్సు 15, రైలు 55, గ్రాబ్ 75. ఇద్దరైతే బస్సు 30, రైలు 110, గ్రాబ్ అదే 75. అంటే ఇద్దరున్నా సరే రైలు కంటే ఇంటి గుమ్మం దాకా వచ్చే కారే చవక. మేం నలుగురు పెద్దవాళ్ళం, తొమ్మిదేళ్ళ పెద్దాడు, ఐదేళ్ళ చిన్నది. చిన్నదానికి టికెట్ లేకపోయినా రైలుకి 245 అవుతుంది. పెద్ద బండి అందులో సగం.

ఇంత తెలిసీ నేను బస్సే ఎక్కించాను. ఇంకో 35, 40 మిగులుతాయి కదా అని. బస్సు కేఎల్ సెంట్రల్‌లో కింది అంతస్తులో దింపింది. మా రూము బుకిట్ బింతాంగ్‌లో. అక్కడికి మోనోరైల్ ఎక్కాలి. మోనోరైల్ స్టేషన్‌కి పక్కనున్న పెద్ద మాల్ మధ్యలోంచి నడవాలి. రాత్రంతా నిద్ర లేని డెబ్బై ఏళ్ళ మనిషి, ఆరు పెట్టెలు, ఎస్కలేటర్ అంటే భయపడే అమ్మ. నాన్న ఏమీ అనలేదు. "ఇంకెంత దూరం అమ్మా" అని రెండుసార్లు అడిగారంతే.

ఒక సంగతి. గ్రాబ్ యాప్ ఇంటి దగ్గరే పెట్టుకుని, ఫోన్ నంబర్ నమోదు చేసుకునే బయలుదేరండి. ఓటీపీ మన పాత సిమ్‌కే వస్తుంది, అక్కడ కొత్త సిమ్ వేశాక తిప్పలు. యాప్ వద్దనుకుంటే ఎయిర్‌పోర్టు లోపలి టాక్సీ కౌంటర్‌లో ముందే డబ్బు కట్టి కూపన్ తీసుకోండి. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా టాక్సీకి రేటు ఎక్కువ. దగ్గరికొచ్చి "టాక్సీ కావాలా" అని అడిగేవాళ్ళ వెంట మాత్రం వెళ్ళకండి.

రూము రేటులో కనిపించనివి

నేను బుక్ చేసిన రూము రాత్రికి 85 రింగిట్లు. స్టేషన్ పక్కన బ్రిక్‌ఫీల్డ్స్‌లో చూసింది 130. రెండు రూములు, ఐదు రాత్రులు. 450 రింగిట్లు, అంటే మన తొమ్మిది వేల పైన మిగులుతుందని సంతోషపడ్డాను.

వెళ్ళాక తెలిసినవి ఇవి.

చెక్ ఇన్ మధ్యాహ్నం మూడింటికి. మేం వెళ్ళింది పదకొండున్నరకి. సామాను పెట్టుకోనిచ్చారు, మనుషులకి మాత్రం చోటు లేదు. తెల్లవారి దిగే పెద్దవాళ్ళుంటే ముందు రాత్రికి కూడా రూము తీసుకోండి. లేదా టెర్మినల్ 2 దగ్గర గంటల లెక్కన ఇచ్చే పడక గదులున్నాయి, అక్కడ కాసేపు నడుం వాల్చి బయలుదేరవచ్చు.

లిఫ్ట్ లేదు. అక్కడ చవక హోటళ్ళు చాలావరకు కింద షాపులున్న పాత వరస భవనాల పై అంతస్తుల్లో ఉంటాయి. మాది మూడో అంతస్తు. ఫొటోల్లో మంచం కనిపిస్తుంది కానీ మెట్లు కనిపించవు కదా.

కిటికీ లేదు. ఇది మోసం కాదు, రూము వివరాల్లో చిన్న అక్షరాల్లో "నో విండో" అని రాసే ఉంది. నేనే చదవలేదు. తలుపు వేస్తే పగలో రాత్రో తెలియదు.

టూరిజం పన్ను. విదేశీయులకి రూముకి రాత్రికి 10 రింగిట్లు, 2017 నుంచి ఉంది. చాలాచోట్ల బుకింగ్‌లో కలపరు, కౌంటర్ దగ్గర కట్టించుకుంటారు. మాకు రెండు రూములు, ఐదు రాత్రులకి 100. దీనికి తోడు తిరిగిచ్చే డిపాజిట్ కొంత, నగదుగా. అందుకే దిగగానే కొన్ని రింగిట్లు చేతిలో ఉండాలి.

ఆ రాత్రి నాన్న మోకాలు వాచింది. అమ్మ టవల్ తడిపి కట్టింది. భోజనానికి కిందికి రానన్నారు. పార్సిల్ తెచ్చిస్తే మంచం మీద కూర్చుని తిన్నారు. "చాలా బాగుందమ్మా రూము" అన్నారు. ఆ మాట విన్నాక నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

పొద్దున్నే బ్రిక్‌ఫీల్డ్స్‌కి మారాం. మొదటి రూములు డబ్బు వాపసు రాని రకం. మిగిలిన నాలుగు రాత్రులకి 680 రింగిట్లు పోయాయి. 450 మిగల్చబోయి 680 పోగొట్టాను. మోకాలి వాపు ఈ లెక్కలోకి రాదు.

బ్రిక్‌ఫీల్డ్స్ ఎందుకు నయం

కేఎల్ సెంట్రల్‌కి ఆనుకునే ఉంటుంది, లిటిల్ ఇండియా అంటారు. స్టేషన్ నుంచి ఐదు, పది నిమిషాల నడక. ఎయిర్‌పోర్టు రైలు, బస్సు, సిటీ రైళ్ళు అన్నీ అక్కడికే వస్తాయి. ట్విన్ టవర్స్ చూడాలంటే అక్కణ్ణుంచి ఎల్ఆర్‌టీలో ఐదో స్టేషన్. బటూ కేవ్స్‌కి కేటీఎం కొమ్యూటర్ రైలు నేరుగా వెళ్తుంది. అమ్మ, మావారు, పిల్లలు 272 మెట్లూ ఎక్కారు. నేను, నాన్న కింద బంగారు రంగు విగ్రహం దగ్గర కూర్చున్నాం.

ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం గుమ్మం ముందే. రెండో రోజు పొద్దున టిఫిన్ దగ్గర అమ్మ "చట్నీలో ఉప్పు తక్కువైంది" అంటే, పక్క బల్ల మీదున్న పెద్దావిడ తిరిగి చూసి "మీరు తెలుగువాళ్ళా?" అన్నారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. ఆవిడ తెలుగులో యాస వేరు, మాట మనదే. నాన్న ఆ ట్రిప్పులో గట్టిగా నవ్వింది అప్పుడే.

బుక్ చేసే ముందు

రూము రేటు ఒక్కటే చూడకండి. రేటు, పన్ను, ఎయిర్‌పోర్టు నుంచి రానూ పోనూ ఖర్చు కలిపి రాత్రులతో భాగించండి. అప్పుడు 85కీ 130కీ తేడా అంత ఉండదు. హోటల్‌కి మెసేజ్ పెట్టి మూడే ప్రశ్నలు అడగండి: లిఫ్ట్ ఉందా, కిటికీ ఉందా, ఉదయం వస్తే ఎన్నింటికి రూము ఇస్తారు. పెద్దవాళ్ళతో వెళ్తుంటే పది శాతం ఎక్కువైనా డబ్బు వాపసు వచ్చే బుకింగే తీసుకోండి. వెళ్ళే ముందు మూడు రోజుల్లోగా మలేషియా డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగితే అది అసలు సైట్ కాదు.

నాలుగు మలయ్ మాటలు కూడా రాసుకోండి: కెటిబాన్ అంటే దిగేవాళ్ళు వచ్చే చోటు, కెలువార్ అంటే బయటికి దారి, తండాస్ అంటే బాత్రూం, జలాన్ అంటే రోడ్డు. ఆ కాగితం అమ్మ దగ్గర ఉంటే టెర్మినల్ 2లో ఆ మూడు గంటలూ బాత్రూం ఎక్కడో తెలియక బిగబట్టుకుని కూర్చునేది కాదు. ఆ సంగతి నాకు తిరుగు ప్రయాణం రోజున చెప్పింది.

ఆ రోజు పెద్ద బండి హోటల్ గుమ్మం ముందుకే పిలిచాం. నాన్న ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, "వచ్చేటప్పుడు కూడా ఇదే ఎక్కాల్సిందే" అన్నారు.