రేలచెట్టు: విత్తు నుంచి పూలగుత్తి వరకు

ఎండలు ముదిరి పచ్చదనం వాడిపోయే రోజులలో, ఆకురాల్చిన ఒక చెట్టు కొమ్మకొమ్మకూ పసుపుపచ్చని పూలగుత్తులను వేలాడదీస్తుంది. హిందీవారు దానిని అమల్తాస్ అంటారు. బెంగాలీలో సోనాలు, మరాఠీలో బహావా, కన్నడంలో కక్కె, సింహళంలో ఎహెల అని దాని పేర్లు. కేరళీయులకు అది కణిక్కొన్న. విషు పండుగనాటి వేకువను కనులు తెరవగానే చూసే మంగళద్రవ్యాలలో ఈ పూలు తప్పక ఉంటాయి. ఆ రాష్ట్ర పుష్పం కూడా ఇదే. థాయిలాండ్ 2001లో దీనిని తన జాతీయ పుష్పంగా ప్రకటించింది. ఆయుర్వేదం చెప్పే ఆరగ్వధమే తెలుగువారి రేల. గోదావరి పరిసరాల కోయ, గోండు పల్లెల రేలపాటలలో ఆ పేరే పల్లవిగా వినిపిస్తుంది.

ఇందరు తమదనుకొనే ఈ చెట్టు క్రింద దాని మొలకలు మాత్రం అరుదు. అందుకు కారణం కాయలోనే ఉన్నది. లిన్నేయస్ 1753లో దీనికి కేసియా ఫిస్టులా అని పేరు పెట్టాడు. ఫిస్టులా అనగా గొట్టం. 30 నుంచి 60 సెంటీమీటర్ల పొడవుండే ఆ నల్లని గొట్టంలో అడ్డుగోడల నడుమ, జిగురైన గుజ్జులో, ఒక్కొక్క విత్తనం ఒదిగి ఉంటుంది. కాయ తనంత తాను పగలదు. విత్తు పైపొర నీటిని లోనికి పోనీయదు. అడవిలో కోతులు, ఎలుగుబంట్లు, నక్కలు తీయని గుజ్జుకోసం కాయను కొరికి విత్తులను వెదజల్లుతాయి. ఆ జంతువులు కరువైనచోట ఆ బాధ్యత మనిషిదే.

పూత ముగిసిన తరువాత కాయ ముదరటానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. పూర్తిగా నల్లబడిన కాయను పగులగొట్టి, నీటిలో నానవేసి, గుజ్జు కడిగి విత్తులను ఆరబెట్టాలి. గుజ్జు విరేచనకారి గనుక పిల్లల నోటికి అందనీయరాదు. పెద్ద నర్సరీలలో పైపొరను ఆమ్లంతో మెత్తబరుస్తారు. ఇంటివద్ద ఆ ప్రమాదం అక్కరలేదు. విత్తు అంచును, బొడ్డుకు ఎదురువైపున, లోపలి తెలుపు కనిపించేవరకు గరుకు కాగితంపై రుద్ది, ఒక పగలూ ఒక రాత్రీ నీటిలో ఉంచితే చాలు. ఉబ్బినవి నాటదగినవి. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి.

ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి సంచులలో నింపి, సెంటీమీటరు లోతున విత్తాలి. ఒకటి నుంచి మూడు వారాలలో మొలక వస్తుంది. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. కనుక మొక్క సంచిలో చిక్కుకొనక ముందే, తొలకరి వానలకు, నీరు నిలువని చోట నాటాలి. లేత ఆకులను కొన్ని గొంగళిపురుగులు తినివేయవచ్చు. అవి లేత పసుపు సీతాకోకచిలుకల సంతానం. ఆకు మళ్ళీ చిగురిస్తుంది. మందు చల్లనక్కరలేదు.

రేలను బోన్సాయిగా పెంచేవారూ ఉన్నారు. చైనాలో పుట్టి జపానులో పేరు మార్చుకొన్న ఈ కళలో చెట్టును కుదించవచ్చునే గాని పువ్వును కుదించలేము. గుత్తి మూరెడు పొడవున వ్రేలాడుతుంది. అందుచేత ఈ జాతిని మరీ పొట్టిగా కాక, రెండడుగులకు పైబడిన ఎత్తున తీర్చటం మేలు. మొదటి మూడు నాలుగేళ్ళు నేలలోనే పెరగనిచ్చి, మాను బలిసిన పిదప, చిగురించేముందు తల్లివేరును కత్తిరించి వెడల్పాటి తొట్టిలోనికి మార్చాలి. నిండు ఎండ, నీరు జారే గరుకు మట్టి అవసరం. రెండేళ్ళకొకసారి మట్టి మార్చాలి. కొమ్మలను పూత ముగిసిన వెంటనే కత్తిరించాలి. కాయలను నిలువనిస్తే చిన్న చెట్టు నీరసిస్తుంది. తొట్టిలో పూత ఆలస్యం కావచ్చు, ఒక్కొక్కప్పుడు రాకనూ పోవచ్చు. తొందరపడి అడవిలోని ముదురు మొక్కను పెకలించి తెస్తే, వేరు తెగి అది తొట్టిలో చనిపోతుంది, అడవిలోనూ మిగలదు. విత్తు నుంచి పెంచినవారు అడవికి ఏమీ బాకీపడరు.

నేలలో నాటిన రేల పూయటానికీ ఏళ్ళు పడుతుంది. ఒకటవ తరగతి పిల్లలు బడి ఆవరణలో నాటిన మొక్క, వారు బడి విడిచే నాటికి పూయవచ్చు. నీరు పోసినవారిలో కొందరు ఆ పూత చూడకనే వెళ్ళిపోతారు. అయినా వారు ఎక్కడికి వెళ్ళినా, కొచ్చిలో గాని కోల్‌కతాలో గాని, అదే వేసవిలో అవే గుత్తులు మరొక పేరుతో వారిని పలకరిస్తాయి.