నాగార్జునకొండ లోయ : రాతి పనిముట్ల నమోదు

గ్రంథములును శాసనములును లేని కాలమున మానవు డెట్లు జీవించెనో తెలిసికొనుటకు అతని పనిముట్లే ముఖ్యాధారములు. మన దేశమున నీ శోధనకు త్రోవ చూపినవాడు భూగర్భ సర్వే శాఖలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన 1863వ సంవత్సరమున మద్రాసు చెంత పల్లావరములో రాతి పనిముట్టు నొకదానిని కనుగొనెను. పిమ్మట దక్షిణదేశమున తిరిగి పెక్కు వస్తువులను కూర్చి, అవి దొరికిన చోట్లతో పట్టిక వ్రాసెను. ఆయన మరణానంతరము 1914లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమువారు దానిని ప్రచురించిరి.

ఇట్టి నమోదు ఎంత యవసరమో నాగార్జునకొండ వలన తేటపడినది. అప్పటి గుంటూరు జిల్లాలో, మూడు వైపుల కొండలును నాలుగవ వైపు కృష్ణానదియు గల లోయ యది. 1926లో అచట బౌద్ధ శిథిలములు బయల్పడెను. ఆనకట్ట కట్టినచో లోయ మునుగునని తేలగా, 1954 మొదలు 1960 వఱకు పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున దానిని శోధించి త్రవ్విరి. విహారములకంటె నెంతో ప్రాచీనములగు పాతరాతియుగపు చేగొడ్డళ్ళును, నూఱి నునుపుచేసిన క్రొత్తరాతియుగపు గొడ్డళ్ళును, చేతితో చేసిన కుండలును, పెద్దరాళ్ళు పేర్చిన సమాధులును కానవచ్చెను.

నేడా నేల సాగరజలముల క్రింద నున్నది. కొన్ని కట్టడములను తరలించి తిరిగి కట్టిరి. కాని మట్టిపొరలను తరలించుట యెవరి తరము? అవి కొలతలయందును, పటములయందును, 1975లో వెలువడిన నివేదిక తొలి సంపుటమునందును మాత్రమే నిలిచినవి.

పొరల కింత విలువ యేల? కదలింపబడని నేలలో క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది. గొడ్డలియు కుండపెంకును ఒకే పొరలో దొరికినచో రెండును ఒక కాలమువని యూహింపవచ్చును. ఆ గొడ్డలినే పెఱికి సంచిలో వేసికొని, చోటు మఱచినచో, అది యేమియు చెప్పజాలని రాయి యగును.

విద్యార్థులారా! మన పొన్నూరు చుట్టునున్న నల్లరేగడిలో గట్టిరాయి యరుదు. కావున అచట చెక్కిన రాయి కనబడినచో, ఎచటినుండి వచ్చెనను ప్రశ్న మీకు పుట్టవలెను. బావి త్రవ్వునపుడును, చెఱువు పూడిక తీయునపుడును తల్లిదండ్రులు సైతము గమనింతురు గాక. అట్టి వస్తువును కదలింపకుడు. గ్రామము, సర్వే నంబరు, లోతు, తేదీ వ్రాసికొని, ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి, మీ యుపాధ్యాయుల ద్వారా పురావస్తు శాఖకు తెలుపుడు. లోయ యొకటి మునిగినను దాని చరిత్ర మునుగకుండుట కిట్టి వ్రాతలే కారణము.