చతురస్రాన్ని తిప్పితే డైమండా?

బోర్డు మీద చతురస్రం గీసి పేరు అడిగితే హైస్కూలు పిల్లలు టక్కున చెబుతారు. దాన్నే 45 డిగ్రీలు తిప్పి మూల మీద నిలబెడితే కొందరు ‘డైమండ్’ అంటారు. భుజాలూ మారలేదు, కోణాలూ మారలేదు. ‘తప్పు, కూర్చో’ అనడం ఏ టీచరుకైనా తేలికే. ఆ జవాబు ఎందుకొచ్చిందో కనిపెట్టడం మాత్రం పనిగట్టుకుని నేర్చుకోవాల్సిన విద్య.

ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నవాళ్లు నెదర్లాండ్స్‌కు చెందిన టీచరు దంపతులు డీనా, పియర్ వాన్ హీలే. 1957లో ఇద్దరూ ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి పరిశోధన గ్రంథాలు సమర్పించారు. ఆ తర్వాత కొద్దికాలానికే డీనా కన్నుమూశారు. వారి లెక్కలో జ్యామితి ఆలోచనకు ఐదు మెట్లున్నాయి. మొదటి మెట్టు మీద పిల్లలకు కనబడేది ఆకారమే. తిప్పితే పేరు మారేది అందుకే. రెండో మెట్టులో ధర్మాలు తెలుస్తాయి. ‘చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే’ అన్న మాట మూడో మెట్టెక్కాకే మింగుడుపడుతుంది. నిరూపణ నాలుగోది. ఐదోది కాలేజీ సంగతి. వయసు పెరిగినంత మాత్రాన ఎవరూ పై మెట్టుకు చేరరు, బోధనే చేర్చాలి.

ఏడాదంతా చదివినా చేరనివాళ్లే ఎక్కువ. అమెరికాలో నిరూపణలతో కూడిన జ్యామితి కోర్సు పూర్తిచేసిన విద్యార్థుల్లో, వాటిని బాగా రాయగలిగినవాళ్లు సుమారు 30 శాతమేనని షారన్ సెంక్ 1985లో తేల్చారు.

మన దగ్గర ‘దత్తాంశం, సారాంశం, నిరూపణ’ అంటూ సిద్ధాంతాలు బట్టీపట్టి గట్టెక్కినవాళ్లూ బి.ఎడ్.లో చేరుతుంటారు. 2015 నుంచి ఆ కోర్సు రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం పెరిగింది. ఆ వారాలు పాఠ్యప్రణాళికల రికార్డు నింపడానికే సరిపోతే జ్యామితికి ఒరిగేదేమీ లేదు.

త్రిభుజం కోణాల మొత్తం సంగతే చూడండి. కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి ఒకచోట చేర్చి ‘180 డిగ్రీలు’ అని చూపించడం ట్రెయినీలందరికీ తెలుసు. ‘వచ్చేసింది కదా సార్, మళ్లీ నిరూపణ ఎందుకు?’ అని ఒక పిల్ల అడిగితే? చింపింది ఒక్క త్రిభుజాన్నే. అర డిగ్రీ తేడా కంటికి ఆనదు. జియోజిబ్రాలో శీర్షాన్ని లాగి వంద త్రిభుజాలు చూపినా అన్నిటినీ చూపినట్టు కాదు. ఈ జవాబు ట్రెయినీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఇంకో ప్రశ్న మరీ గట్టిది: శీర్షం గుండా భూమికి సమాంతరంగా గీత గీయాలని ఎలా తోచింది? పుస్తకం ‘గీయుము’ అని ఊరుకుంటుంది. మంచి శిక్షకులు ఇక్కడ ఆగి ట్రెయినీల చేతికి మళ్లీ కాగితం ఇస్తారు. ఈసారి పై మూలను కదపకూడదు. కింది మూలలు రెండే చింపి, తలకిందులుగా తిప్పి, పై మూలకు అటొకటి ఇటొకటి ఆనించాలి. పైన తిన్నని అంచు ఒకటి ఏర్పడుతుంది. నిరూపణలో గీసే సమాంతర రేఖ అదే. చింపిన ముక్కలే ఏకాంతర కోణాలు.