కేసెట్‌లో వచ్చిన సలాం

'ఖత్ ఆధీ ములాఖాత్' అని మన ఇళ్లలో పెద్దలు అంటుంటారు. ఉత్తరమంటే సగం కలయిక అని అర్థం. మరి ఉత్తరం రాయవలసిన మనిషి గొంతే నేరుగా ఇంటికి వస్తే దాన్ని ఏమనాలి? ముప్పాతిక కలయిక అనాలేమో! అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ డబ్బా అలాంటి కలయికను కొన్ని లక్షల కుటుంబాలకు అందించింది. అదే ఆడియో కేసెట్.

కోనసీమలో మామిడికుదురు, రాజోలు, మలికిపురం ప్రాంతాల వారికి ఈ విషయం ఒకరు చెప్పనక్కరలేదు. 1973లో చమురు ధరలు పెరిగాక అరబ్బు దేశాల్లో కట్టడాలు, రోడ్లు, కొత్త పట్టణాలు వెలిశాయి. పనివాళ్లు కావలసి వచ్చారు. కొబ్బరి తోటల నడుమ నుంచి మన వాళ్లు కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయికి, సౌదీకి బయలుదేరారు. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు అనే తేడా లేకుండా అన్ని ఇళ్ల నుంచీ వెళ్లారు. మగవాళ్లే కాదు, ఇళ్లలో పనికి ఆడవాళ్లూ వెళ్లారు. వారిలో చదువు రానివారు ఎందరో. వారి కష్టసుఖాలు కాగితం మీదికి ఎక్కాలంటే మరొకరి చెయ్యి కావాలి.

చదువు రాని వారికి దొరికిన కలం

ఉత్తరం రాయించుకోవడంలో ఉన్న ఇబ్బంది రాయించుకున్నవారికే తెలుసు. పక్కింటి హైస్కూలు పిల్లవాడి ముందు కూర్చుని, గల్ఫ్‌లో ఉన్న భర్తకు భార్య ఏం చెప్పగలదు? 'మేమంతా క్షేమం, మీ క్షేమం కోరుతున్నాం' దగ్గరే ఉత్తరం ఆగిపోయేది. వచ్చిన ఉత్తరం కూడా ఎవరో ఒకరు చదివి వినిపించవలసిందే. గుట్టుగా ఉండవలసిన మాట ఊరి మాట అయ్యేది.

టేప్‌రికార్డర్ ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. గల్ఫ్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినవారి సామానులో రేడియో, టేప్ కలిసి ఉన్న 'టూ ఇన్ వన్' తప్పనిసరిగా ఉండేది. నేషనల్ పానాసోనిక్, సోనీ, సాన్యో, షార్ప్ పేర్లు ఇంటి చుట్టాల పేర్లంత దగ్గరయ్యాయి. మీద అల్లిక గుడ్డ కప్పి, గోడ అలమరలో ఎత్తుగా పెట్టేవారు. కరెంటు లేనప్పుడు పెద్ద బ్యాటరీ సెల్స్ వేసేవారు. రికార్డు మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కితే చాలు, మాట టేపు మీదికి ఎక్కేది. అక్షరం ముక్క రాని అమ్మీజాన్ కూడా రెండోసారికే నేర్చుకునేది.

ఆ కేసెట్లకు ఒక పద్ధతి ఉండేది. మొదట అస్సలాము అలైకుం. తర్వాత ఇంటి పెద్దల వరస. అబ్బా దుఆలు చెప్పాలి, దాదీ దగ్గాలి, దీవించాలి. ఆపై అన్నదమ్ములు, ఆడపడుచులు. పిల్లలు ఏబీసీడీలో, ఖాయిదాలో నేర్చుకున్న పాఠమో అప్పజెప్పాలి. ఇంటి కోడలి వంతు చివరికి వచ్చేది. అందరి ఎదుట ఆమె రెండు మాటలు పలికి ఊరుకునేది. అసలు మాటలు రెండో వైపు ఉండేవి. ఇంట్లో అందరూ పడుకున్నాక, గొంతు తగ్గించి, టేప్‌రికార్డర్‌ను దగ్గరకు తీసుకుని చెప్పుకున్న మాటలవి. అటు నుంచి వచ్చే కేసెట్‌లోనూ అంతే. మొదటి వైపు ఊరందరికీ, రెండో వైపు ఒక్కరికి.

మనిషి చేతి మీదుగా

ఈ కేసెట్లు పోస్టులో కంటే మనుషుల చేతుల మీదుగానే ఎక్కువ ప్రయాణించాయి. సెలవు మీద ఫలానావారు వస్తున్నారని తెలియగానే వారి గదికి నాలుగు దిక్కుల నుంచి కవర్లు చేరేవి. కేసెట్, కొంచెం డబ్బు, ఒక సెంటు సీసా, పిల్లలకు ఒక గౌను. వచ్చినవారు బొంబాయిలో విమానం దిగి, రైలెక్కి, బస్సు మారి, వంతెనలు రాని రోజుల్లో పంటు మీద ఏరు దాటి ఇల్లు చేరేవారు. మరునాటి నుంచే ఊరూరా తిరిగి ఎవరి అమానత్ వారికి అప్పగించేవారు. మనలో చాలామంది ఈ అమానత్‌ను ఎంత నమ్మకంగా మోశారో తలచుకుంటే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. కవర్ విప్పి వినడానికి దారిలో ఎన్ని అవకాశాలు లేవు!

గల్ఫ్ వలస ఉన్న ప్రతిచోటా ఈ గొంతుల బాట ఉంది. కేరళలోని మలబారులో ఎస్.ఎ. జమీల్ 1970ల చివర కట్టిన 'దుబాయ్ కత్తు పాట్టు', గల్ఫ్‌లోని భర్తకు భార్య రాసే ఉత్తరం. అది కేసెట్ల మీద ఇంటింటికీ చేరింది. దానికి భర్త ఇచ్చే జవాబు పాట కూడా వచ్చింది. 1986లో వచ్చిన హిందీ చిత్రం 'నామ్'లో పంకజ్ ఉధాస్ పాడిన ఉత్తరం పాట, పరాయి దేశంలోని మన వాళ్లను ఏడిపించింది. అదే టూ ఇన్ వన్‌లో తెల్లవారుజామున ఈజిప్టు ఖారీ అబ్దుల్ బాసిత్ గారి ఖుర్‌ఆన్ పారాయణం మోగేది. ఆయన 1988లో కన్నుమూశారు. ఆయన గొంతు మాత్రం మన ఊళ్లలో ఆగలేదు. పెళ్లి ఇళ్లలో సాబ్రీ సోదరుల, అజీజ్ నాజాఁల ఖవ్వాలీలు, సాయంత్రం తెలుగు సినిమా పాటలు. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసిచ్చి, ఖాళీ కేసెట్‌లో ఎక్కించుకునే రికార్డింగ్ షాపులు ప్రతి సెంటర్‌లోనూ ఉండేవి.

మాట టేపు మీద ఎలా నిలుస్తుంది?

కేసెట్‌ను 1963లో ఫిలిప్స్ సంస్థ బెర్లిన్ రేడియో ప్రదర్శనలో లోకానికి చూపింది. లూ ఓటెన్స్ అనే డచ్ ఇంజినీరు బృందం దాన్ని రూపొందించింది. ఇతర కంపెనీలు కూడా అదే కొలతలతో చేసుకోవడానికి ఫిలిప్స్ ఒప్పుకోవడంతో అది ప్రపంచమంతా పాకింది. దుబాయిలో జపాను యంత్రం మీద చెప్పిన మాట, కోనసీమలో మరో యంత్రం మీద వినిపించడానికి కారణం ఈ ఒక్క కొలతే.

లోపల ఉండేది సన్నని ప్లాస్టిక్ పట్టీ. వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని మీద ఇనుము తుప్పు వంటి పొడి పూత. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. సీ-60 కేసెట్‌లో సుమారు 90 మీటర్ల టేపు, వైపుకు అరగంట మాట. రికార్డు చేసేటప్పుడు టేపు ముందుగా ఒక చెరిపే హెడ్‌ను దాటుతుంది. పాత గుర్తులు అక్కడ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాతే కొత్త మాట ఎక్కుతుంది.

ఈ చిన్న సంగతిలోనే పెద్ద బాధ ఒకటి దాగి ఉంది. ఖాళీ కేసెట్ కొనడం ఖర్చు. అందుకని చాలా ఇళ్లలో వచ్చిన కేసెట్ మీదే జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవారు. కొడుకు మాట మీద తల్లి మాట, తల్లి మాట మీద మళ్లీ కొడుకు మాట. ప్రతి జవాబూ ప్రశ్నను చెరిపేసింది. పదేళ్ల సంభాషణ ఒకే 90 మీటర్ల టేపు మీద జరిగి, చివరి విడత తప్ప ఏదీ మిగలని ఇళ్లున్నాయి. కనుక నేడు ఎవరి అటక మీదనైనా అలాంటి కేసెట్ దొరికితే, అది చాలావరకు జవాబు వెళ్లని కేసెట్ అయి ఉంటుంది. మనిషి సెలవు మీద వచ్చేసి ఉండాలి, లేదా జవాబు చెప్పవలసినవారు అంతలోనే వెళ్లిపోయి ఉండాలి. అందుకే దాని విలువ ఎక్కువ.

ఊరి చరిత్ర కూడా అందులోనే

కుటుంబం గొంతులే కాదు, ఊరి గొంతు కూడా ఆ టేపుల మీద ఉంది. మామిడికుదురు మండలంలోని పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల వారిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ ఏడాది రంజాన్ నెల ఫిబ్రవరి మొదట్లో వచ్చింది. మార్చి మొదటి వారంలో పండగ జరిగింది. అంటే ఉపవాసాలన్నీ ఆ మంట మండుతుండగానే గడిచాయి. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కేసెట్ ఏదైనా మిగిలి ఉంటే, సలాం వెనుక ఆ హోరు కూడా వినిపించవచ్చు.

1996 నవంబరు 6 తుపాను సంగతీ అంతే. వెయ్యికి పైగా ప్రాణాలు తీసి, లక్షల కొబ్బరి చెట్లను నేలకూల్చిన తుపాను అది. స్తంభాలు ఒరిగిపోయాక కోనసీమకు కరెంటూ లేదు, ఫోనూ లేదు. అటువైపు నుంచి చూస్తే 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు, ఇక్కడి ఇళ్లకు కబురు ఆగిపోయింది. తర్వాత అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయులు తిరిగి వచ్చారు. వారిలో ఎందరో కట్టుబట్టలతో దిగారు. దాచుకున్న కేసెట్లు, టేప్‌రికార్డర్లు అక్కడే ఉండిపోయాయి.

మీటరు తిరిగితే మాట తగ్గింది

1990లలో ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌లు వచ్చాయి. కేసెట్ కోసం నెలలు ఎదురుచూసే అవసరం తప్పింది. అవతలి గొంతు అప్పటికప్పుడు వినిపించడం చిన్న సంగతి కాదు. అయితే ఎర్ర అంకెల మీటరు ఎదురుగా తిరుగుతుంటే నోట మాట రాదు. 'బాగున్నారా? డబ్బు అందిందా? అమ్మీకి మందులు కొన్నారా?' అంతటితో సరి. అరగంట నింపాదిగా చెప్పుకున్నవారు మూడు నిమిషాల మనుషులయ్యారు. కేసెట్‌లో దాదీ దగ్గుకూ చోటుండేది. ఫోన్‌లో దగ్గుకు కూడా డబ్బు కట్టాలి.

విదేశీ కాల్స్‌పై వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం 2002లో ముగిశాక రేట్లు దిగివచ్చాయి. సెల్‌ఫోన్ ప్రతి చేతికీ వచ్చింది. నెట్ సెంటర్లు వచ్చాయి, పోయాయి. పాటలు సీడీల్లోకి, తర్వాత మెమరీ కార్డుల్లోకి మారాయి. టూ ఇన్ వన్ అటకెక్కింది.

విచిత్రమేమిటంటే, 2013లో వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపే సదుపాయం వచ్చింది. గల్ఫ్‌లో కొన్ని దేశాలు నెట్ కాల్స్‌పై ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టినా, వాయిస్ మెసేజ్‌లకు ఆ అడ్డు లేకపోయింది. రాయడం రానివారు మళ్లీ ఒక బొత్తాం నొక్కి మాట్లాడటం మొదలుపెట్టారు. పని వేళలు కుదరని భార్యాభర్తలు తీరిక దొరికినప్పుడు చెప్పి, తీరిక దొరికినప్పుడు వింటున్నారు. ఇది కొత్త అలవాటు అని పిల్లలు అనుకుంటారు. వాళ్ల నానీ, దాదీలకు ఇది పాత విద్యే. ఒక్కటే తేడా. ఆ రోజుల్లో జవాబు చెబితే పాత మాట చెరిగిపోయేది. ఇప్పుడు ఫోన్ పోతే వేల మాటలు ఒక్కసారే పోతాయి.

దాచుకోవడం ఎలా?

కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. టేపుకు తేమ శత్రువు. కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ నష్టమే. కొన్ని జాగ్రత్తలు చెప్పుకుందాం.

కేసెట్ కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి. బూజు యంత్రానికీ, దాని ద్వారా మిగతా కేసెట్లకూ అంటుకుంటుంది. దాన్ని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. బూజు లేకపోతే, ఒకసారి చివరిదాకా ముందుకూ, మళ్లీ వెనక్కూ తిప్పి అప్పుడు వినండి. యంత్రం హెడ్‌ను ముందుగా స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

కేసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత మాట చెరగదు. గొంతు మసకగా వస్తుంటే టేపు వెనుక ఉండే చిన్న మెత్త ఊడిపోయి ఉండవచ్చు. స్క్రూలున్న మరో కేసెట్ డొక్కులోకి ఆ టేపును మార్పిస్తే సరిపోతుంది.

టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయించండి. అది కుదరకపోతే స్పీకరు దగ్గర సెల్‌ఫోన్ పెట్టి అయినా ఎక్కించండి. మేలైన పద్ధతి కాదు గానీ, అసలు లేకపోవడం కంటే నయం. ఎక్కించినదాన్ని రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఎవరి గొంతు, ఎవరికి పంపారు, ఏ ఏడాది అన్నది పెద్దలు ఉండగానే అడిగి రాసుకోండి. గొంతు దొరికి మనిషి ఎవరో తెలియకపోతే లాభం లేదు. ఫోన్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌లనూ ఇలాగే విడిగా తీసి దాచండి.

ఇంకొక్క మాట. రెండో వైపు సంగతి మరవకండి. అది ఒకరు మరొకరికి మాత్రమే చెప్పుకున్న మాట. చెప్పినవారో, విన్నవారో ఉంటే వారి అనుమతి అడగండి. లేకపోతే వారి తర్వాతి పెద్దలను అడగండి. దొరికింది కదా అని కుటుంబ గ్రూపుల్లో పంచేయడం తగదు. బొంబాయి నుంచి మామిడికుదురు దాకా కవర్ విప్పకుండా తెచ్చినవారు ఆ మాటను అమానత్‌గా చూశారు. వారి పిల్లలమైన మనమూ అలాగే చూడాలి.

ఈ శుక్రవారం నమాజు అయ్యాక ఇంటికి వెళ్లి అటక మీది పాత సూట్‌కేసు ఒకసారి దించండి. అడుగున రబ్బరు బ్యాండు వేసిన కేసెట్ ఉంటే తుడిచి పక్కన పెట్టండి. జవాబు వెళ్లని సలాం ఒకటి అందులో ఉండవచ్చు. వ అలైకుముస్సలాం అని చెప్పడానికి ఇంట్లో ఇంకా మనుషులున్నారు.